వస్త్రపు చెంగు

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. రామచంద్రపురంలో కాలవ గట్టు వీధి వాళ్ళు ఆ సామెతని రెండేళ్ళుగా ఒక్క ఆశాజ్యోతి మీదే అరగదీస్తున్నారు. బంగారం లాంటి పిల్లని బడి మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టి చదివించే మనిషిని ఇంకేమంటారు? పోనీ జరగని ఇల్లా అంటే కాదు. మొగుడు రాజ్ కుమార్ కరెంటాఫీసులో గుమాస్తా. ఆవిడ స్వయానా పదేళ్ళు ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పిన టీచరు. బళ్ళో పనిచేసి బడి అంటే భయపడే మనిషిని వీధి వాళ్ళు అంతవరకూ చూడలేదు.

ఆ భయం ఊరికే పుట్టలేదు. ఒక వార్షికోత్సవంలో ఐదో క్లాసు ఆడపిల్లల చేత ఏ పాటకి ఏ డాన్సు వేయించారో చూసి ఆవిడ తల దించుకుంది. తర్వాత ఒకరోజు ఎనిమిదో క్లాసు కుర్రాడి దగ్గర ఫోను లాక్కుంది. అందులో ఏముందో చూసిన ఆశాజ్యోతికి రెండు రోజులు ముద్ద మింగుడుపడలేదు. తనే నీతిపాఠాలు చెప్పి, వాటి మీద పరీక్ష కూడా పెట్టిన పిల్లాడు వాడు. వాడి పక్క వరండాలోనే తన కూతురు తబిత ఐదో క్లాసు చదువుతోంది. ఆ ఏడాది చివర తల్లి ఉద్యోగం మానేసింది, కూతురు బడి మానేసింది.

మానేశాక చదువు ఎంచుకోవడం ఒక యజ్ఞంలా సాగిందని రాజ్ కుమార్ నవ్వేవాడు. ‘మనకి యజ్ఞాలు లేవండి’ అని ఆవిడ వెంటనే దిద్దేది. నాలుగు రకాల పుస్తకాలు తెప్పించి పక్కపక్కన పెట్టుకుని నెలల తరబడి చూసింది. ఒకదాన్లో కోతి నించి మనిషి పుట్టాడు, అది పక్కన పెట్టింది. ఇంకోదాన్లో ప్రతి పాఠం చివరా బొమ్మలకి మొక్కే పండగలే, అదీ పక్కన పెట్టింది. ఆఖరికి బెంగుళూరు నించి విశ్వాసుల పిల్లల కోసం అచ్చువేసిన పుస్తకాలు అట్టపెట్టెల్లో వచ్చాయి. చరిత్ర సృష్టి మొదటి రోజుతో మొదలవుతుంది. లెక్కల పుస్తకంలో కూడా పైన ఒక బైబిలు వాక్యం ఉంటుంది. కథల్లో ఉండే పిల్లలందరూ చెక్క ఇళ్ళలో ఉంటారు, చలికాలం వాకిట్లో పడ్డ మంచుని పారలతో ఎత్తిపోస్తారు.

“మంచు ఎత్తిపోసే పార ఎలాగుంటాదో దీనికి తెలుసు, దాళ్వా పంట అంటే ఏంటో తెలీదు. భేషైన చదువు!” అనేది సామర్లకోట నించి వచ్చినప్పుడల్లా అత్తగారు సంపూర్ణమ్మ.

సంపూర్ణమ్మ కోపం మాత్రం ఎగతాళితో ఆగేది కాదు. ఆవిడ తల్లి పరాయివాళ్ళ చేలో కోత కోసి బతికిన మనిషి. మిషను బోర్డింగులో చేరి చదువుకుని సంపూర్ణమ్మ ఆసుపత్రిలో నర్సు అయింది. “మనల్ని బడి గుమ్మం తొక్కనివ్వని రోజుల్లో మిషనోళ్ళు బడి కట్టి పిలిచారమ్మా జ్యోతీ. ఆ బడి పుణ్యాన మనం మనుషులమయ్యాం. నువ్వు దేవుడి పేరు చెప్పి ఆ బడే మాన్పిస్తున్నావు,” అనేది. ఆ మాటకి ఆశాజ్యోతి “ఆ బళ్ళు వేరు, ఈ బళ్ళు వేరు అత్తయ్యగారూ,” అని వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఓపెన్ స్కూలు పరీక్ష కోసం సర్కారు సైన్సు పుస్తకం ఒకటి ఎలాగూ కొనక తప్పలేదు. అందులో మనిషి శరీరం గురించి, పిల్లలు పెద్దవాళ్ళవడం గురించి ఉన్న కాగితాలన్నిటికీ ఆశాజ్యోతి స్టేప్లర్ పిన్నులు కొట్టేసింది. పదమూడో ఏట తనే కూర్చోబెట్టుకుని, ప్రార్థన చేసి, పద్ధతిగా చెప్పాలని ఆవిడ ప్లాను. నిజం చెప్పాలంటే బళ్ళో ఉన్నప్పుడు కూడా ఆవిడ ఆ పాఠం చెప్పిన పాపాన పోలేదు. ‘ఇది ఇంటి దగ్గర చదువుకోండమ్మా’ అనేసి పేజీలు తిప్పేసేది. ఇప్పుడు ఇల్లే బడి అయింది. తబితకి ఆ పాఠం చదువుకోవడానికి ఇంకో ఇల్లు లేదు.

తబితకి పన్నెండు నిండాయి. ఈ ఏడాది ఈస్టరు దగ్గర పడ్డాక రాజ్ కుమార్ ఒక మాట తేల్చి చెప్పాడు. “అమ్మ పోరు పడలేకపోతున్నాను జ్యోతీ. మే నెలలో మనింట్లో ప్రార్థన కూడిక ఉందిగా, లాజరు అయ్యగారు వస్తారు. పిల్లని ఆయనే పరీక్ష చేస్తారు. ఇంటి చదువు చాలు అంటే చాలు. బళ్ళో వెయ్యండి అంటే జూన్‌లో వేసేద్దాం. మధ్యలో నువ్వూ మాట్లాడొద్దు, అమ్మా మాట్లాడొద్దు.”

లాజరు గారు వాళ్ళ లూథరన్ చర్చి పాస్టరు. ఆయన మాట అంటే ఆ ఇంట్లో తిరుగులేదు. ఆ రోజు నించీ ఆశాజ్యోతికి కంటి మీద కునుకు లేదు. పిల్ల మళ్ళీ ఆ బళ్ళోకి వెళ్తే రెండేళ్ళలో తను కట్టిన గోడ ఒక్క టెర్ములో కూలిపోతుందని ఆవిడకి గట్టి నమ్మకం. ఆ గోడ లోపల ఉన్నది పిల్ల విశ్వాసం. దాన్ని పోగొట్టుకోవడం కంటే పిల్లని ఏట్లో వదిలేయడం నయమని ఒకసారి అనుకుని, అలా అనుకున్నందుకు భయపడి మోకాళ్ళ మీద పడింది.

సరిగ్గా అప్పుడే పిల్లలో మార్పు కనిపించింది.

మొదట్లో అది మంచి మార్పే అనిపించింది. ఈస్టరు ముందు వచ్చే మట్టలాదివారం వెళ్ళిన వారంలోనే తబిత తన బట్టలు తనే ఉతుక్కోవడం మొదలుపెట్టింది. పిలవకుండానే ప్రార్థనకి కూర్చుంది. మంచం వదిలి చాప మీద పడుకుంది. “అమ్మా, ఎవరికైనా పెద్ద రోగం వస్తే దేవుడికి చెప్పుకుంటే చాలా, డాక్టరుకి కూడా చెప్పాలా?” అని ఒకరోజు అడిగింది. “ముందు దేవుడికే చెప్పుకోవాలి బంగారం,” అంది ఆశాజ్యోతి గర్వంగా. ఆ సంగతి అత్తగారి చెవిన పడేలా ఫోనులో ఆడపడుచుకి చెప్పింది కూడా. గుడ్ ఫ్రైడే ఆరాధన అయ్యాక పాస్టరు గారు పొడుగు తెల్ల అంగీలో నడవలోంచి నడిచి వెళ్తుంటే తబిత చాప మీంచి నడవ వైపు వంగింది. పాటల పుస్తకం జారిపోయిందేమో అనుకుంది తల్లి. ఈస్టరు తెల్లవారి ఆరాధనలో పిల్ల మొహం దీపంలా వెలిగిపోయింది. ఇంటి చదువు ఫలించిందని ఆశాజ్యోతి లోపల్లోపలే స్తోత్రం చెప్పుకుంది.

కూడిక ఇంకో నాలుగు రోజులు ఉందనగా ఆ వెలుగు పోయింది. పిల్ల అన్నం కెలికి వదిలేస్తోంది. స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంటే బయటికి రాదు. కళ్ళు ఎర్రగా ఉంటున్నాయి. “ఏంటమ్మా?” అంటే “ఏం లేదమ్మా” అంటుంది. ఏం లేదన్న మాటలో ఏదో ఉందని తల్లికి తెలియదా? పదేళ్ళు ఆడపిల్లల మొహాలు చదివిన టీచరు. ఫోను. తప్పకుండా ఫోనే. లేకపోతే ఎవడో కుర్రాడు.

తబిత పుస్తకాల అరలు వెతికింది. దిండు గలీబు విప్పి చూసింది. ఏమీ దొరకలేదు. దొరకకపోతే భయం తగ్గాలి, ఆవిడకి రెట్టింపయింది. ఇంట్లో లేకపోతే గోడ అవతలి నించి వస్తుండాలి. గోడ అవతల లక్ష్మి ఇల్లు. లక్ష్మి చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగే మనిషి, నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. ఆవిడ కూతురు నాగదుర్గ తబిత కంటే ఏడాది పెద్ద. పోయినేడు నాగదుర్గ పెద్దమనిషి అయితే వీధి మొగలో ఫ్లెక్సీ కట్టి, మైకు పెట్టి, వీధంతటికీ భోజనాలు పెట్టారు. లక్ష్మి ఇంటికొచ్చి మరీ పిలిచింది. ఆశాజ్యోతి వెళ్ళలేదు, పిల్లని వెళ్ళనివ్వలేదు. కిటికీలోంచి చూస్తూ “నాగదుర్గని ఎందుకలా కూర్చోబెట్టారమ్మా?” అని తబిత అడిగితే “అదంతా వాళ్ళకి, మనకి ఉండదు,” అని కిటికీ రెక్కలు వేసేసింది.

ఇప్పుడు ఆ గోడ దగ్గర కూడా నిలబడకూడదని కూతురికి గట్టిగా చెప్పింది. “నాగదుర్గతో మాట్లాడితే నా మీద ఒట్టు” అనబోయి, ఒట్లు పెట్టకూడదని గుర్తొచ్చి ఆగింది. తబిత తల ఊపింది. ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

కూడిక శనివారం సాయంత్రం. వాకిట్లో అద్దె కుర్చీలు వేశారు. ఆశాజ్యోతి పొద్దుటి నించీ చెగోడీలు వండుతూనే కూతురి చేత కీర్తనలు అప్పజెప్పించుకుంది. చర్చి నించి పదిహేను ఇరవై మంది వచ్చారు, ఆడవాళ్ళే ఎక్కువ. సంఘపెద్ద వీరయ్య గారు ముందు కుర్చీలో కూర్చున్నారు. సంపూర్ణమ్మ మధ్యాహ్నం బస్సుకే దిగి, కళ్ళజోడు తుడుచుకుని, సాక్షి బోనులోకి ఎక్కే మనిషిలా సిద్ధంగా ఉంది.

లాజరు గారు వాక్యం ముగించి నవ్వుతూ, “ఏమ్మా తబితా, మీ అమ్మ బళ్ళో ఏం నేర్చుకున్నావో వినిపించు,” అన్నారు.

తబిత లేచి నిలబడింది. మొహం పాలిపోయి ఉంది కానీ గొంతు వణకలేదు. చాంతాడంత కీర్తన తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి, ఒక్క మాట తడబడకుండా చెప్పింది. పాస్టరు గారు అడిగిన లెక్కకి నోటితోనే జవాబు చెప్పింది. ఇశ్రాయేలు రాజుల వరస అడిగితే గడగడా అప్పజెప్పింది. ఆడవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. వీరయ్య గారు “స్తోత్రం” అన్నారు.

“మన మిషను స్కూల్లో టెన్తు వాళ్ళకి కూడా ఇంత రాదండి రాజ్ కుమార్ గారూ,” అన్నారు లాజరు గారు.

ఆశాజ్యోతి ప్రాణం లేచొచ్చింది. అత్తగారి వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. సంపూర్ణమ్మ మళ్ళీ కళ్ళజోడు తుడుచుకుంటోంది. గెలిచాం అనుకుంది ఆశాజ్యోతి. అలా అనుకుని ఇంకా ఊపిరి పూర్తిగా వదలనే లేదు.

“అయ్యగారూ, నేనొక సాక్ష్యం చెప్పుకోవచ్చా అండి?” అంది తబిత.

పన్నెండేళ్ళ పిల్ల సాక్ష్యం చెప్తానంటే ఎవరు వద్దంటారు? “చెప్పమ్మా, చెప్పు,” అన్నారు పాస్టరు గారు మురిసిపోతూ.

“ప్రభువు నామంలో అందరికీ వందనాలు,” అంది తబిత, పెద్దవాళ్ళు చెప్పే తీరులోనే. “మట్టలాదివారం అయ్యాక నాకు రక్తస్రావ రోగం వచ్చిందండి. సువార్తలో ఆవిడకి వచ్చిందే. ఎవరికీ చెప్పలేదు. చచ్చిపోతానేమో అనుకున్నాను. ముందు దేవుడికే చెప్పుకోవాలని మా అమ్మ చెప్పింది. ఆవిడ ప్రభువు వస్త్రపు చెంగు ముట్టుకుని బాగైంది కదా, అందుకని గుడ్ ఫ్రైడే నాడు నేను అయ్యగారి అంగీ చెంగు ముట్టుకున్నాను. ఈస్టరు నాటికి నయమైపోయిందండి.”

ఎవరిదో కుర్చీ కిర్రుమంది.

“కానీ ఆవిడ అందరి ముందూ ఒప్పుకుంది. నేను ఒప్పుకోలేదు. దాచుకున్నాను. అందుకే మొన్న మంగళవారం మళ్ళీ వచ్చింది. ఇప్పుడు అందరి ముందూ చెప్పేశాను కాబట్టి ఇంక రాదు. నా కోసం ప్రార్థన చెయ్యండి.”

తబిత కూర్చుంది. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వు దాచుకున్న వాళ్ళు కొందరు, ఏడుపు దాచుకున్న వాళ్ళు కొందరు. వీరయ్య గారు తన చెప్పుల వంక చూసుకుంటున్నారు. రాజ్ కుమార్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆశాజ్యోతికి ఒళ్ళంతా మంట పుట్టింది. సిగ్గుతోనా అంటే సిగ్గుతోనే, మొదట సిగ్గే. దాని వెనకే ఇంకోటి వచ్చింది. చచ్చిపోతానేమో అనుకున్నాను, అంది పిల్ల. ఇంట్లో, తన పక్క చాప మీద పడుకుని, రోజూ అనుకుంది.

లాజరు గారు పెద్దమనిషి. తడుముకోకుండా లేచి, “ప్రార్థన చేసుకుందాం,” అని పిల్ల ఆరోగ్యం కోసం, ఇంటి వాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ఆశీర్వాదం ఇచ్చేశారు. ఎవరూ టీ కోసం ఆగలేదు. చెగోడీల పళ్ళెం నిండుగా అలాగే ఉండిపోయింది. గేటు దగ్గర ఆశాజ్యోతి పాస్టరు గారికి అడ్డం వెళ్ళింది.

“అయ్యగారూ, మరి బడి సంగతి...”

“బడి సంగతి తర్వాత చూద్దామమ్మా. ముందు పాప దగ్గరికి వెళ్ళు,” అన్నారాయన. ఆయనకీ ఇద్దరు ఆడపిల్లలు.

లోపలికి వస్తే సంపూర్ణమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. తిట్టి పోస్తుందని ఎదురుచూసింది ఆశాజ్యోతి. తిడితే బాగుండేది. “నువ్వు చెప్తావా, నేను చెప్పనా?” అంది అత్తగారు నెమ్మదిగా. “నేనే చెప్తానండి,” అని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

తబిత మంచానికి ఆనుకోకుండా దూరంగా, గోడ వారన నేల మీద కూర్చుంది. కొన్ని రోజులుగా ఆ పిల్ల దేన్నీ ముట్టుకోకుండా తిరుగుతోందని తల్లికి ఇప్పుడు తెలిసింది. మొహంలో మాత్రం ఈస్టరు నాటి వెలుగు మళ్ళీ కనిపిస్తోంది.

“ఇప్పుడు ఆగిపోతుంది కదమ్మా?”

ఆశాజ్యోతి పిల్లకి ఎదురుగా నేల మీద కూర్చుంది. ఔననేస్తే? రేపో ఎల్లుండో ఎలాగూ ఆగుతుంది. పిల్ల స్తోత్రం చెప్పుకుంటుంది. ఆ సాక్ష్యం నిలబడుతుంది. కాదు, ఇది అద్భుతం కాదు, నీకేమీ నయం కాలేదు అని చెప్తే? ఈ ఒక్కటి కాదని తెలిసిన పిల్ల రేపు మిగతావాటిని మాత్రం అడగదా? బళ్ళో ఏ మాస్టారో తన కూతురి విశ్వాసాన్ని కదిలిస్తాడని రెండేళ్ళు కాపలా కాసింది. ఆ పని ఇప్పుడు తన నోటితో తనే చెయ్యాలి. ప్రభువా అనుకుంది.

వచ్చే నెల మళ్ళీ వస్తుంది. అప్పుడు ఈ పిల్ల తనలో ఏ పాపం ఉందని వెతుక్కుంటుంది?

“అది రోగం కాదు తల్లీ,” అంది ఆశాజ్యోతి. పదేళ్ళు బళ్ళో పేజీలు తిప్పేసిన పాఠం అది. “నువ్వు... పెద్దమనిషివి అయ్యావు. ఆడపిల్లలందరికీ ఈ వయసులో అవుతుంది. ప్రతి నెలా వస్తుంది, నాలుగైదు రోజులుండి దానంతటదే ఆగిపోతుంది. దేవుడు మన ఒంటిని అలాగే చేశాడు.”

తబిత వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది.

“నీక్కూడా వస్తుందా?”

“వస్తుంది.”

“మామ్మకి?”

“ఒకప్పుడు వచ్చేది.”

“నాగదుర్గకి వచ్చింది కూడా ఇదేనా? మనకి ఉండదన్నావుగా?”

“ఆ ఫంక్షను మనకి ఉండదన్నాను. ఇది అందరికీ ఉంటుందమ్మా.”

“అయితే నాకు ఈస్టరుకి నయం అవలేదా?” అంది పిల్ల. “దానంతటదే ఆగిందా? మరి అందరి ముందూ అబద్ధం చెప్పాను కదమ్మా. దేవుడి పేరు చెప్పి అబద్ధం చెప్పాను.”

“నీది అబద్ధం కాదు బంగారం. తప్పు నాది. నేను ముందే చెప్పాల్సింది.” ఆశాజ్యోతి ఏడుస్తూ దగ్గరికి జరిగింది. తబిత అలవాటు కొద్దీ వెనక్కి జరగబోయి, గోడ అడ్డం వచ్చి ఆగింది. తల్లి ఆ పిల్లని రెండు చేతులా చుట్టేసి ఒళ్ళోకి లాక్కుంది. ఒళ్ళు వేడిగా, బిగుసుకుని ఉంది. మెల్లగా సడలింది. తల్లి కొంగులో మొహం పెట్టుకుని తబిత వెక్కి వెక్కి ఏడ్చింది. చచ్చిపోనని తెలిసిన ఏడుపు అది.

ఏడుపు తగ్గాక తల ఎత్తింది.

“అమ్మా, సువార్తలో ఆవిడకి కూడా ఇదేనా? ఆవిడకి కూడా ఎవరూ చెప్పలేదా?”

“కాదమ్మా. ఆవిడది నిజంగా రోగమే. పన్నెండేళ్ళు ఆగకుండా ఉంది. ప్రభువు నిజంగానే బాగుచేశాడు.”

ఆశాజ్యోతి మనస్ఫూర్తిగా నమ్మిన మాటే చెప్పింది. తబిత ఆ మాట విని ఊరుకోలేదు. తల్లి కళ్ళలోకి చూసింది, నమ్మొచ్చా లేదా అని చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల తల్లిని అలా చూడటం అదే మొదటిసారి.

“నాకు ఇంకా ఏమేం చెప్పలేదమ్మా?” అంది.

ఆశాజ్యోతి కూతురి చెయ్యి పట్టుకుంది. తబిత చెయ్యి వెనక్కి తీసుకోలేదు గానీ, జవాబు కోసం అలా చూస్తూనే ఉంది.